తలుపు వెనుకటి పని

మోటారుకారు నెక్కువాడు తలుపు తీయును, మూయును. ఆ తలుపులోపలి మెత్తని ముఖమును మాత్ర మెన్నడును పరికించి చూడడు. మోచేయి దానిమీద నానించును. పిల్లలు దానిపై కాళ్లు పెట్టుదురు. వానకాలమున గొడుగునీరు దానిపై కారును. అది చినిగి వ్రేలాడిననాడు గాని అట్టిది యొకటి కలదని మనకు స్ఫురింపదు. లోకములో కొన్ని పనులకును, ఆ పనులు చేయు కొందఱు మనుష్యులకును ఇదియే గతి. వారు చేసినది బాగుగ నున్నంతకాలము వారిని తలచువా రుండరు.

కుర్చీలకును సీట్లకును మెత్త పెట్టి గుడ్డయో తోలో తొడుగువానిని ఇంగ్లీషుభాషలో అప్హోల్‌స్టరర్ అందురు. ఈ మాట ‘నిలువబెట్టుట’ యను నర్థముగల అప్హోల్డ్ అను క్రియనుండి పుట్టినది. పాతవస్తువును చెడిపోనీయక నిలువబెట్టువాడని దాని మొదటి భావము. లండను నగరమున ఈ వృత్తివారికి అప్హోల్డర్లను పేరుతో ఒక ప్రాచీనసంఘమును కలదు. మన యమరకోశమును తెఱచినచో చర్మకారుని పేళ్లు శూద్రవర్గమున కానవచ్చును. ఒకచోట పనిని చూచి పేరు పెట్టిరి. మఱియొకచోట పేరును తీసికొనిపోయి పుట్టుకయను గుంజకు కట్టిరి. ఇంగ్లీషువారిలో హెచ్చుతగ్గులు లేవని నా యభిప్రాయము కాదు. వారిలోను చేతిపనివానిని చిన్నచూపు చూచువారు కొల్లలుగ నుండిరి. అయినను చేతిపనివాడు తాకిన నీటిని పాఱబోసిన దేశము వేఱు, పాఱబోయని దేశము వేఱు. ఈ భేదమును నేను పుస్తకములలో చదివియుంటిని గాని, మా కారుతలుపులకు కొత్త తొడుగులు చేయునప్పుడు దానిని మా యింటి యరుగుమీదనే చూచితిని.

మా తండ్రిగారు విడిచిన యాస్తిలో తెల్లని అంబాసిడరు కారొకటి కలదు. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవశ్రేణి కారు ననుసరించి, వంగదేశమున కలకత్తాకు సమీపముననున్న ఉత్తరపారాలో ఈ కార్లను 1958 మొదలుకొని 2014 వఱకు చేసిరి. అర్ధశతాబ్దికి పైగా మంత్రులును, కలెక్టర్లును, పెండ్లికుమారులును వీనిలోనే తిరిగిరి. ఇంజను భాగములు వెదకినచో ఇప్పటికిని పాతసామానుల యంగళ్లలో దొరకును. తలుపుల లోపలితొడుగులు మాత్రము దొరకినను మావానివలెనే శిథిలములై యుండును. కాబట్టి కొత్తవి చేయింపవలెను, లేదా చేసికొనవలెను. ఇంటిలోనే చేసికొందమని నేనును నా భార్యయు నిశ్చయించుకొంటిమి.

పనివారు దీనిని డోరు ప్యాడు అందురు. దాని కూర్పు చూచుటకు సులభము. అడుగున మూడు మిల్లీమీటర్ల మందముగల హార్డుబోర్డు, దానిపై పలుచని ఫోము, ఆపైన రెక్సిను. బోర్డు వెనుక అంచువెంబడి చిన్న క్లిప్పులు వరుసగ నుండి, తలుపు ఇనుపరేకులోని రంధ్రములలో దిగి ప్యాడును పట్టియుంచును. అద్దము దింపు పిడియు, తలుపు తీయు పిడియు, మోచేయి ఆనించుకొను దిమ్మయు పైనుండి స్క్రూలతో బిగింపబడును. ఇంతియే. కాని యీ యింతియేలో ఎంత శాస్త్రము దాగియున్నదో చేయి పెట్టినవా డెఱుగును.

నాకు ఈ పనిలో గురువు నా పూర్వశిష్యుడు. ఆతడు మా పాఠశాలలో చదివి, పదవతరగతి పరీక్షలో ఇంగ్లీషునందు తప్పి, చదువు మాని, విజయవాడ ఆటోనగరులో ఆఱేండ్లు సీట్లపని నేర్చికొని వచ్చి, ఇప్పుడు మా రాజమహేంద్రవరములో చిన్న దుకాణము పెట్టుకొని యున్నాడు. ఆతని తాత మెట్టపొలముల రైతులకు కపిలబానలు కుట్టినవాడు. తండ్రి చెప్పులు కుట్టినవాడు. నేను దుకాణమునకు పోయి సంగతి చెప్పగా ఆతడు నవ్వి, “మాస్టారూ, కారిక్కడ వదిలివెళ్లండి, నాలుగు రోజుల్లో ఇచ్చేస్తాను” అనెను. “నాకు కావలసినది ప్యాడులు మాత్రమే కాదు, పని కూడ నేర్పవలెను” అంటిని. ఆతడు కొంతసే పాలోచించి, ఆదివారములందు మా యింటికి వచ్చుట కొప్పుకొనెను. దుకాణములో ఆతడు పుచ్చుకొను కూలియే ఈ బోధనకును పుచ్చుకొనవలెనని ముందే నిర్ణయించుకొంటిమి. గురుదక్షిణ వేఱు, కూలి వేఱు. కూలి ఎగవేయుటకు గౌరవమును అడ్డుపెట్టుట మన యిండ్లలో పాతరివాజు.

మొదటి యాదివారము ఆతడు బోర్డుజోలికే పోలేదు. చెంబెడు నీళ్లు తెప్పించి, తలుపు వెలుపల అద్దముపై ధారగా పోసి, నన్ను వంగి తలుపు అడుగుభాగము చూడుమనెను. అద్దమునకును రబ్బరుపట్టీకిని నడుమనున్న సందున నీరు తలుపులోనికి దిగినది; క్రిందనుండి యొక్క చుక్కయు రాలేదు. తలుపు అడుగున నీరు పోవుటకై చిన్న రంధ్రములుండును. దుమ్మును ఎండుటాకుల పొడియు ఏండ్లతరబడి చేరి అవి పూడిపోయినవి. లోపల నిలిచిన నీరు బోర్డునకు తగిలి, బోర్డు ఉబ్బి, వంగి, క్లిప్పులను ఊడబెఱికి, రెక్సినుకు బూజు పట్టించినది. ఆతడు సైకిలుచువ్వతో ఆ రంధ్రములను పొడువగానే బురదనీరు బుడబుడ పడినది. “తలుపులోకి నీళ్లు రాకుండా ఎవడూ ఆపలేడండి. వచ్చిన నీళ్లకు దారి చూపించాలి. అది చెయ్యకుండా ఎంత మంచి ప్యాడు వేసినా రెండు వానాకాలాలే” అనెను.

రంధ్రములతోనే పని తీరదు. ఇనుపరేకునకును ప్యాడునకును నడుమ పాలిథీను తెర యొకటి యుండవలెను. పూర్వము మరమ్మతు చేసిన యెవడో దానిని చించి మరల పెట్టక విడిచినాడు. పైకి కనబడనిది కదా యని యాతని ధైర్యము. ఆ తెరను చుట్టును జిగురుతో అంటించి, దాని క్రిందియంచును మాత్రము తలుపులోనికి మడవవలెను. అప్పుడు లోపల చిమ్మిన నీరు తెరవెంబడి జాఱి మరల తలుపులోనికే పడి రంధ్రములగుండ బయటికి పోవును. ఈ మడత తెలియనివాడు క్రిందియంచును కూడ బయటనే అంటించును. ఆ నీరు బోర్డుకాలియొద్దకే చేరును. రెండంగుళముల మడతలో ఒక తలుపు ఆయుర్దాయ మున్నది.

రెండవ యాదివారము బోర్డు. ఈ హార్డుబోర్డు పుట్టుక వినదగినది. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రమందలి లారెల్ అను నూర 1924లో విలియం మేసన్ అనునతడు ఱంపపుమిల్లుల కఱ్ఱముక్కలు వృథాయగుట చూచి, వానిని గట్టిపాత్రలో ఆవిరియొత్తిడి నుంచి, ఒక్కసారిగ బయటికి విడిచెను. పేలాలు పేలినట్లు కఱ్ఱ పేలి నారగా విడిపోయినది. ఆ నారను వేడిచేసి యొత్తగా, వేఱు జిగురు అక్కఱలేకయే, కఱ్ఱలో సహజముగనున్న జిగటపదార్థమే దానిని పలకగా పట్టినది. పలుచనై, నునుపై, చవుకయై, వంచినచో వంగునట్టి యీ పలక కార్లవారికి వరమైనది. దాని శత్రువు నీరు. కత్తిరించిన యంచులు నీటిని దీపపువత్తి నూనెను పీల్చినట్లు పీల్చును. కాబట్టి పాతప్యాడును కొత్తబోర్డుపై పఱచి, పెన్సిలుతో గీచి, సన్నని పండ్లఱంపముతో కోసి, అంచులు గరుకుకాగితముతో నునుపు చేసి, రెండు ముఖములకును ముఖ్యముగ అంచులకును రంగు పూయవలెను. క్లిప్పుల రంధ్రములు వెండ్రుకవాసి తప్పకుండ రావలెను. ఇనుపరేకు మనకొఱకు జరుగదు.

మూడవదినమునకు మెత్తయు తొడుగును. రెక్సిను అనునది మొదట ఒక యింగ్లీషు కంపెనీవారు తాము చేయు తోలుగుడ్డకు పెట్టిన వ్యాపారనామము; నేతగుడ్డపై సెల్యులోజు నైట్రేటు పూసి తోలువలె నచ్చొత్తించిన సరకు. నేడు మన బజారులో ఆ పేరున అమ్ముడుపోవునది పి.వి.సి. పూసిన గుడ్డ. ఆ పి.వి.సి.ని మెత్తగ వంగునట్లు చేయు నుపాయమును 1926లో అమెరికాలోని గుడ్‌రిచ్ రబ్బరు కంపెనీలో వాల్డో సీమన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు కనుగొనెను. రబ్బరును లోహమునకు అంటించు జిగురుకొఱకు వెదకుచు ఆతడు దీనిని పొందెనట. ఆ గుడ్డను బోర్డునకు అంటించు జిగురు దగ్గఱనే పనివాని చేయి తెలియును. రబ్బరుజిగురును రెండు ముఖములకును పూసి వెంటనే అంటింపరాదు. అందలి ద్రావకము గాలిలో కలిసిపోవువఱకు ఆగి, వ్రేలితో తాకినప్పుడు జిగురుగ నుండియు వ్రేలికి అంటుకొనని క్షణమున కలుపవలెను. ముందు కలిపినచో లోపల చిక్కిన యావిరి యెండలో బుడగలు లేపును, ఆలస్యమైనచో అంటదు. “ఎన్ని నిముషములు?” అని నే నడుగగా నా గురువు, “అది ఎండనుబట్టి, గాలినిబట్టి ఉంటుందండి, వేలే గడియారం” అనెను. గోదావరితీరపు మేనెలలో మూసియుంచిన కారులోపల చేయి పెట్టలేని వేడిమి పుట్టును. ఆ వేడిమిలో ఊడక నిలిచిన జిగురే జిగురు.

గుడ్డను లాగుటలోను క్రమమున్నది. బోర్డునకు మించి చుట్టును రెండంగుళములు వదలి కత్తిరించి, నడుమనుండి మొదలుపెట్టి, ఒకవైపు లాగినంత ఎదుటివైపును లాగుచు, మూలలను చివరకు విడువవలెను. వెలుపలికి వంగిన మూలలో గుడ్డ యెక్కువై ముడుతపడును గనుక చిన్న మొగ్గలుగ కత్తిరించి తీసివేయుదురు. లోపలికి వంగినచోట తక్కువై బిగిసికొనును గనుక గాటు పెట్టుదురు. వెనుక కొట్టు పిన్నులు బోర్డు మందముకంటె పొట్టివి కావలెను. లేనియెడల ముందుకు పొడుచుకొని కూర్చున్నవాని మోచేతిని పలుకరించును. పిడుల రంధ్రములను అన్నిటికంటె చివరను, కావలసినదానికంటె చిన్నవిగ, అడ్డగాటుగ కోయవలెను. చిన్నరంధ్రమును పెంచవచ్చును, పెద్దరంధ్రమును తగ్గింపజాలము. నేను ఇరువదియేండ్లుగ వ్యాకరణము చెప్పుచున్నాను. ఉత్సర్గమును అపవాదమును ఇంత స్పష్టముగ నా విద్యార్థులకు ఏ సూత్రముతోను చూపలేదు.

కుట్టుపని నా భార్యది. ప్యాడు నడుమభాగమున నిలువుగీతలు ఉబ్బెత్తుగ తేలవలెనని మా కోరిక. దానికి రెక్సినును, ఫోమును, అడుగున పలుచని గుడ్డను కలిపి కుట్టవలెను. ఆమెకు పెండ్లినాడు వచ్చిన కుట్టుమిషను కలదు. నా శిష్యుడు దానికి పదునెనిమిదవ నంబరు సూదియు నైలానుదారమును తెచ్చి, కుట్టు దూరదూరముగ, నాలుగు మిల్లీమీటర్లకు తగ్గకుండ, పడవలెననెను. దగ్గఱ కుట్టినచో రెక్సిను తపాలబిళ్లల కాగితమువలె రంధ్రముల వరుసను పట్టుకొని చినుగునట. రెక్సినుపై పడిన రంధ్రము గుడ్డపై రంధ్రమువలె పూడదు గనుక గుండుసూదులు గ్రుచ్చరాదు. అంచులను బట్టల క్లిప్పులతో పట్టుకొనవలెను. మిషనుపాదము రెక్సినుకు అంటుకొని కదలకున్నప్పుడు నడుమ పలుచని కాగితము పెట్టి కుట్టి, పిదప కాగితమును చించివేయవలెను. గీతలు కుట్టినకొలదియు గుడ్డ కుదించుకొనును గనుక ముందు కుట్టి తరువాత కొలతకు కత్తిరింపవలెను.

ఇవి యన్నియు ఆతడు చెప్పినవి. ఆమె చెప్పినదియు నొకటి కలదు. కుడితలుపు ప్యాడు ఎడమతలుపునకు పనికిరాదు; అద్దములో ప్రతిబింబమువలె తిరుగవలెను. కొత్తగ నేర్చువారు నమూనాకాగితము నొక్కవైపే పఱచి రెండు కుడిప్యాడులు కోయుదురని నా శిష్యుడు చెప్పుచుండగా ఆమె, “రవికె ముందుముక్కలు ఎట్లు కోసెదమో అట్లే గదా! గుడ్డను మంచిముఖములు ఎదురెదురుగ మడచి ఒక్కసారి కోసిన సరి” అనెను. ఆతడు కత్తెర క్రింద పెట్టి, “అమ్మగారూ, నాకు ఈ సంగతి రెండేళ్లకు గాని తెలియలేదండి” అనెను. ఇరువదియేండ్లనుండి మా యింటిలో రవికెలును, దిండుగలీబులును, పిల్లల చొక్కాలును కుట్టబడుచున్నవి. ఆ పనికి మే మెవ్వరమును విద్యయని పేరు పెట్టలేదు, కాలక్షేపమని పిలిచితిమి. ఆ పనియే ముప్పదియడుగుల వెడల్పుగల వీథి దాటి దుకాణములో చేరినచో వృత్తి యగును, దానికి వెల కలుగును. ఆడువారి చేతిలో నున్నంతవఱకు దానికి వెలయు లేదు, పేరును లేదు.

చేయి ఆనించుకొను దిమ్మకు మాత్రము నిజమైన తోలు వేయవలెనని నా భార్య కోరెను. మోచేయి నిత్యము ఒరయుచోట రెక్సిను పూత పగులును. నా శిష్యుడు మేలైన తోలుముక్క తెచ్చి, మడత లావు కాకుండ దాని యంచును వెనుకవైపున వంపుకత్తితో కాగితమంత పలుచగ చెక్కెను. ఆ కత్తి ఆతని తాతదట. చేతిపిడి అరగి వ్రేళ్ల గుర్తులు పడియున్నది. మా పెదనాన్నగారు వచ్చినది ఆ యాదివారమే.

ఆయన యెనుబదియేండ్లు దాటిన పెద్దలు. నా బి.ఏ. చదువునకు జీతము కట్టినవా రాయనయే. ఆయన అరుగుమీద తోలు పఱచియుండుట చూచి నన్ను లోపలికి పిలిచి, “ఒరే అబ్బాయీ, ఇంటిలో తోలు కుట్టించుచున్నావా? మీ నాన్న ఉండిన ఇది జరుగునా? కావలెనన్న దుకాణములో చేయించుకొని తెచ్చుకో” అనిరి.

“పెదనాన్నగారూ, తమ రింతసేపు కూర్చుండి వచ్చిన కారు సీటు తోలుదే గదా?” అంటిని.

“కూర్చుండుట వేఱు, కుట్టుట వేఱు.”

నేను బదులు చెప్పలేదు. పెద్దలతో వాదించుట మా యింటి మర్యాద కాదు. కాని పాఠకులయెదుట ఆ మాటను పరిశీలింపకపోవుట ధర్మము కాదు. ఉపనయనమున వటువునకు కృష్ణాజినపు తునక కట్టుదుము, అది చర్మము. దేవునియెదుట మృదంగము మ్రోగింతుము. దాని మూతలు చర్మములు. మెట్టయూళ్లలో తాతముత్తాతలు తిన్న వరిగలును జొన్నలును కపిలబానతో తోడిన నీటిచే పండినవి. ఆ బాన చర్మము. చర్మమునుండి వచ్చిన నీరు పైరుకు పాఱి ధాన్యమై మన కడుపు చేరినప్పుడు మైల కాలేదు. ఆ బానకు ఆరెతో రంధ్రము పొడిచి కుట్టినవాడు మన నూతిగట్టు తాకిన నూరంతయు మైలపడినది! వస్తువున దోష ముండినచో వాడుకొనువానికిని అంటవలెను. వాడుకొనువానికి అంటక చేసినవానికి మాత్రమే అంటినచో దోషము వస్తువునందు లేదు, మన బుద్ధియందున్నది. కూర్చుండుట వేఱు, కుట్టుట వేఱు అను నాలుగు మాటలలో మన వేయేండ్ల ధర్మశాస్త్రమును ఆయన సంగ్రహించిరి.

అంతలో నా భార్య టీ తెచ్చెను. అందఱకును స్టీలుగ్లాసులు. పెదనాన్నగారు మెల్లగ, “అమ్మాయీ, ఆ కుట్టునతనికి కాగితపుగ్లాసులో ఇయ్యరాదా? త్రాగి పాఱవేయును, శుభ్రముగ నుండును” అనిరి. చూడుడు, కాలము మాఱినకొలది భాష యెట్లు మాఱినదో! ఒకప్పుడు మైల యనిన మాటను ఇప్పుడు శుభ్రమనుచున్నారు. పూర్వము టీ కొట్లలో రెండు వరుసల గ్లాసు లుండెడివి. నేడు అట్టిది నేరమని యెఱిగి, పాఱవేయు గ్లాసు నాశ్రయించినారు. నా భార్య, “అట్లే, మామయ్యగారూ” అని, గ్లాసులన్నియు మరల లోపలికి తీసికొనిపోయి, అందఱకును, ఆయనకును, కాగితపుగ్లాసులలోనే టీ తెచ్చిపెట్టెను. ఆయన దానిని త్రాగక బల్లమీద నుంచిరి.

ప్యాడులు నాలుగును బిగించినది అయిదవ యాదివారమున. క్లిప్పును అఱచేతితో గట్టిగ నొక్కిన ‘టక్కు’మని చప్పుడగును, ఆ చప్పుడు రానిచోట క్లిప్పు రంధ్రమున దిగలేదని గుర్తు. పదునాల్గు చప్పుళ్లు వినబడినవి. ఆ మధ్యాహ్నము నా శిష్యుని మా యింటనే భోజనము చేయుమంటిమి. పెదనాన్నగా రానాడును వచ్చియుండిరి. విస్తళ్లు వరుసగ వేసినప్పుడు ఆయన, “నాకు ఆకలి లేదు, తరువాత చూచెదను” అని లేచి, ఆటో పిలిపించుకొని వెళ్లిపోయిరి. నా శిష్యుడు ఆ సంగతి గ్రహింపకపోలేదు. చేతులు కడుగుకొనివచ్చి నిలుచుండి, “మాస్టారూ, నావల్ల పెద్దాయన తినకుండా వెళ్లారు. నేను దుకాణంలో తింటానండి, మరేమీ అనుకోను” అనెను. మరేమియు అనుకొనని యా మంచితనమే నాకు దుస్సహముగ నుండెను. అలవాటైన గాయమునుండి గాని యట్టి మంచితనము రాదు. నా భార్య ఆతని విస్తరియందు అన్నము వడ్డించి, “నేర్పినవాడు తినక నేర్చినవాళ్లము తినరాదు, కూర్చో నాయనా” అనెను. ఆతడు కూర్చుండెను.

ఈ సంవత్సరము మా తండ్రిగారి యాబ్దికమునకు పెదనాన్నగారు రాలేదు. ఫోను చేసినప్పుడు ఒంట్లో బాగుండలేదనిరి. తమ్ముని శ్రాద్ధమునకు అన్న రాని లోటు చిన్నది కాదు. నేను నెలకొకసారి వారింటికి పోవుచునే యున్నాను. ఆయన ప్రేమతోనే పలుకరింతురు. ఆ మాట మాత్ర మిరువురమును ఎత్తము. ఆయన దుర్మార్గుడైనచో నా పని సులభముగ నుండెడిది. నాకు చదువు చెప్పించిన చేయియే మఱియొకనికి కాగితపుగ్లాసు చూపినదను నీ చిక్కును సంస్కారప్రియులు ఇంటింటను ఎదుర్కొనుచున్నారు. వేదికలపై ఉపన్యసించుట కష్టము కాదు. వంటింటికిని అరుగునకును నడుమనున్న పదియడుగులు దాటుటయే కష్టము.

చట్టము దాటవలసిన మేర ఎన్నడో దాటినది. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము పదునేడవ యధికరణమున అస్పృశ్యతను రద్దుచేసినది. జాషువాగారు గబ్బిలమును 1941లో ప్రకటించిరి. దానిని మేము తరగతిగదులలో రాగయుక్తముగ చదివించుచున్నాము. విద్యావంతుడు తోలు ముట్టరాదను మాటను జీవితముతోనే ఖండించిన తెలుగువా డొకడు గుంటూరుజిల్లా యలవఱ్ఱున 1922లో పుట్టెను. ఆయనయే యలవర్తి నాయుడమ్మగారు. చదువుకొన్న రైతుబిడ్డ ఆయన. తోళ్లశుద్ధి శాస్త్రమును అభ్యసించి, 1948లో మద్రాసున స్థాపితమైన కేంద్ర చర్మపరిశోధనాసంస్థకు అధ్యక్షుడై, పిదప దేశమందలి విజ్ఞాన పారిశ్రామిక పరిశోధనామండలికే డైరెక్టరు జనరలైరి. 1985 జూను 23న కనిష్క విమానము బాంబుచే కూలినప్పుడు అందు మరణించిరి. పల్లెలో నీచమనబడిన పని పరిశోధనాలయమున శాస్త్రమై, ఆయనకు దేశవ్యాప్తమైన కీర్తి తెచ్చినది. సంతోషమే. కాని మన మొకటి విచారింపవలెను: పరిశోధనాలయములోని తోలునకు మనము నమస్కరించుచున్నాము, అరుగుమీది తోలును చూచి ముఖము త్రిప్పుకొనుచున్నాము. అనగా మనము గౌరవించినది తోలుపనిని కాదు, దానిని చేసినవాని డిగ్రీని.

నేను ఉపాధ్యాయుడను గనుక పాఠశాల మాటయు నొకటి చెప్పవలెను. నా శిష్యుడు ఇంగ్లీషులో తప్పినాడు. కాబట్టి మా పట్టికలో ఆతడు తప్పినవాడు. నీటి దారి, కఱ్ఱనార స్వభావము, ద్రావకముల గుణము, ప్రతిబింబముల క్షేత్రగణితము, గుడ్డ నేతలోని సాగుదల, ఇవి యన్నియు ఆతని వ్రేళ్లలో నున్నవి. వీనిని పరీక్షించు ప్రశ్నాపత్రము మాయొద్ద లేదు. ప్రశ్నాపత్రము లేదు గనుక జ్ఞానము లేదనుట, తక్కెడ లేదు గనుక బియ్యమునకు బరువు లేదనుటవంటిది. ఇంగ్లీషు అక్కఱలేదని నా వాదము కాదు. ఆతడు ఇప్పుడు సాయంకాలములందు మా యింటికి వచ్చి బిల్లులు వ్రాయునంత యింగ్లీషు నేర్చుకొనుచున్నాడు. ఆతని కూతురిని పై చదువులకు పంపవలెనని ఆతని సంకల్పము. పంపవలెను. తండ్రి వృత్తియే బిడ్డ మెడకు చుట్టుకొనరాదు. ఎవరి బిడ్డయైనను ఆ వృత్తిని కోరి యెన్నుకొన్న దానివలన తలవంపులును కలుగరాదు. ఈ రెండును కలిసి జరిగిననాడే చేతిపనికి విముక్తి. మొదటిది జరిగి రెండవది జరుగకున్నచో, పని మాత్రము మరల ఎవడో బీదవాని నెత్తినే పడును.

ఇట్లనుటవలన ప్రతిగృహస్థుడును తన కారుతలుపులు తానే కుట్టుకొనవలెనని నేను చెప్పుటలేదు. అందఱును అన్ని పనులును చేసికొన్నచో పనివారికి బ్రతుకుతెరువు ఉండదు. కాని ఏడాదికొక చేతిపనినైనను దాని మూలము తెలియునంతవఱకు, ఆ పనివానియొద్దనే కూర్చుండి, కూలి యిచ్చి, నేర్చికొనవలెనని మాత్రము చెప్పుచున్నాను. నేర్చినవాడు బేరమాడుటకు సిగ్గుపడును. మడతయొక్క విలువ తెలిసినవాడు రెండుగంటల పనికి “ఇంతమాత్రమునకు ఇంతయా?” యని యడుగడు. ఇంటిలో స్త్రీలు చేయు కుట్టును కాలక్షేపమనుట మానును. పిల్లలయెదుట పనివానిని ‘ఏయ్’ అని పిలువడు. ఇవి చిన్నసంగతులే. అయినను మన కులభేదములన్నియు ఇట్టి చిన్నసంగతులనెడి క్లిప్పులతోనే బిగింపబడియున్నవి. వానిని ఒక్కొక్కటిగనే ఊడదీయవలెను.

మీ యింటికి రేపు ఒక వడ్రంగియో, కుట్టుపనివాడో, మురుగుకాలువ బాగుచేయువాడో వచ్చును. ఆతనికి ఏ గ్లాసులో నీరిత్తురో ఇప్పుడే నిశ్చయించుకొనుడు. ఆ నిశ్చయమును ఇంటిలోని పెద్దలకును పిన్నలకును ముందుగనే చెప్పియుంచుడు; ఆతడు గడపలో నిలిచియుండగా ఆ చర్చ జరుగుట ఆతనికి మఱియొక యవమానము.